నాలుగో అంతస్తు నుంచి కిందకి

పొద్దున ఎనిమిదిన్నరకి లిఫ్ట్ దగ్గరికి వెళ్తే తలుపుకి కాగితం అంటించి ఉంది, రిపేరు అని. ఇంకో రోజైతే పట్టించుకునేవాణ్ని కాదు, ఉండేది నాలుగో అంతస్తే. ఇవాళ మాత్రం ఆ కాగితం ముందు కాసేపు అలాగే నిలబడిపోయాను. మొదటి మెట్టు దిగబోతే తొడలు ఒక్కసారిగా వదిలేశాయి, రైలింగ్ దొరక్కపోతే పడేవాణ్ని. చివరికి వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు ఒక్కో మెట్టే దిగాను. కింద వాచ్‌మన్ చూస్తూనే ఉన్నాడు. ఆయనది బాగేపల్లి వైపు, అక్కడ చాలా ఇళ్లలో తెలుగే, అందుకని బెంగళూరులో ఉన్నా మా ఇద్దరి మధ్య కన్నడం అవసరం పడదు.

"ఏం సార్, యెనక్కి దిగతా ఉండారు? యాడన్నా పడినారా?"

నిన్న మారథాన్ పరిగెత్తానని, నంది కొండ ఎక్కి దిగానని చెప్పాను.

"పైకి బస్సు పోతాది కదా సార్" అన్నాడు. నిజమే, పోతుంది.

నేను నెల్లూరు వాణ్ని. మా వైపు ఎత్తంటే పెన్న కరకట్టే. అలాంటివాణ్ని మొదటి మారథాన్‌కే కొండ రూటు ఎందుకు ఎంచుకున్నానో ఇప్పటికీ మా ఆవిడకి సరైన జవాబు చెప్పలేదు. ఆరు నెలలు ఆదివారాలు కబ్బన్ పార్కులో పరిగెత్తాను గానీ అక్కడ ఎత్తేముంది, అందుకని తెల్లవారుజామున మారతహళ్లి బ్రిడ్జి మీద అటూ ఇటూ, వారానికి రెండు సాయంత్రాలు ఆఫీసులో మెట్లు. పదకొండు అంతస్తులు ఎక్కడం, లిఫ్టులో కిందకి రావడం, మళ్లీ ఎక్కడం. దిగితే మోకాళ్లు పాడవుతాయని ఎవరో అంటే విన్నాను, నాకూ అదే సుఖంగా ఉంది. అంటే ఆరు నెలల్లో నేను దిగిన మెట్లు ఏమైనా ఉంటే అవి కరెంటు పోయినప్పుడు దిగినవే!

నిన్న ఐదింటికి మొదలు. పద్నాలుగు కిలోమీటర్లు ఊళ్ల మీదుగా, తర్వాత ఏడు కిలోమీటర్లు కొండ పైకి, వచ్చిన దారినే వెనక్కి. చీకట్లో ద్రాక్ష పందిళ్ల పక్కనుంచి పోతుంటే హాయిగానే ఉంది, ఒక ఊరి కుక్క కిలోమీటరు దూరం మాతోనే వచ్చింది. కొండ మొదలయ్యాక మూడో మలుపు దాకా పరిగెత్తాను, తర్వాత నడకే. అందరూ నడుస్తున్నారు కాబట్టి సిగ్గనిపించలేదు. బెంగళూరే 900 మీటర్ల పైన ఉంటే నంది కొండ శిఖరం 1,478. పైన మంచు, నాలుగడుగుల అవతల ఏమీ కనపడలేదు. ఇదా అందరూ భయపెట్టింది అనుకున్నాను.

వెధవ పని చేసింది అక్కడే. దిగేటప్పుడు కాళ్లు వాటంతటవే పరిగెడుతుంటే ఆపడం ఎందుకని వదిలేశాను. కిలోమీటరుకి ఆరు నిమిషాలు! కబ్బన్ పార్కులో కూడా అంత వేగం లేదు నాకు. ఒక్కొక్కర్నీ దాటుతుంటే అరవై దాటిన పెద్దాయన ఒకరు పక్కనుంచి "నిధాన, నిధాన" అన్నారు. తెలుగువాడికి అర్థం కాని మాటేం కాదు, చెవికెక్కలేదంతే. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బిగుసుకుని ఒంటి బరువుకి బ్రేకు వేయాలి, ఎక్కువగా చిరిగేది అప్పుడేనని, ఆ నొప్పి రెండో మూడో రోజుకి గానీ పూర్తిగా బయటపడదని ఇవాళ మధ్యాహ్నం చదివాను. చదవాల్సిన టైములో షూ రివ్యూలు చదివాను.

ముప్పై మూడో కిలోమీటరు దగ్గర అయిపోయింది. చిన్న చెరువు కట్ట లాంటి ఎత్తు, పొద్దున వచ్చేటప్పుడు అక్కడ ఎత్తుందని కూడా తెలియలేదు. తొడలు రాళ్లు, పిక్కల్లో ఏదో పురుగు కదిలినట్టు. నీళ్ల స్టాల్‌లో ఉప్పు కలిపినవన్నీ ముందువాళ్లే తాగేశారు, మిగిలినవి వట్టి నీళ్లు, అప్పటికే అవి కడుపులో గుడగుడమంటున్నాయి. రోడ్డు పక్క కీరకాయలు అమ్మే ఆవిడ నా మొహం చూసి, డబ్బులు అడక్కుండానే ఒక కాయని నిలువునా నాలుగు చీలికలు చేసి, ఉప్పూ కారం అద్ది, న్యూస్‌పేపర్ ముక్కలో పెట్టి ఇచ్చింది. "కూర్చోని తినుప్పా" అంది. కూర్చుంటే లేవనని తెలుసు. నిలబడే తిని, కాగితం మీద మిగిలిన ఉప్పు కూడా వేలితో అద్దుకుని నాకేశాను. చెమటా దుమ్మూ అచ్చు సిరా అన్నీ కలిసిన ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

నలభయ్యో కిలోమీటరు బోర్డు చూశాక కోపం వచ్చింది. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్ మారథాన్‌లో పరిగెత్తింది దాదాపు ఇంతే. 1908 ఒలింపిక్స్‌కి లండన్ వాళ్లు విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు ముందు ఆపాలనుకోబట్టి 42.195 కిలోమీటర్లు అయింది, 1921లో దాన్నే ఖాయం చేశారు. ఎవరి కుర్చీయో కోసం చిక్కబళ్లాపురం ఎండలో నేను ఇంకో రెండు కిలోమీటర్లు ఈడ్చుకుంటూ పోవాలా? పోయాను. 5 గంటల 58 నిమిషాలు. మెడల్ వేసిన అమ్మాయి ఫోటోకి నవ్వమంటే నవ్వు రాలేదు.

ఆఫీసులో రోజంతా కుర్చీలోనే. సాయంత్రం ఇంటికొచ్చి మెట్లు ఎక్కితే, చిత్రం, ఏ ఇబ్బందీ లేదు. మా ఆవిడ వేడినీళ్ల బకెట్లో కల్లుప్పు వేసి పెట్టింది, నల్లబడ్డ బొటనవేలి గోరు చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ.

రాత్రి నాన్న ఫోన్ చేశారు. ఎంత దూరం, ఎంతసేపు అని ఏమీ అడగలేదు.

"నంది కొండలంటే మన పెన్న పుట్టేది ఆడేగా. వానలు పడతా ఉండాయా?"

"తుంపరే నాన్నా. అంతా మంచు."

"ఏట్లో నీళ్లు కనపడినాయా?"

"చూళ్లేదు."

"అంత దూరం పోయి అది చూడకుండా వచ్చినావా" అని ఫోన్ అమ్మకి ఇచ్చేశారు.

లిఫ్ట్ ఇంకా బాగవలేదు. రేపు ఇంటి నుంచే పని చేస్తానని మెసేజ్ పెట్టాను.