రంగు ఆరకముందే చెప్పే మాట: ఒక మినియేచర్‌తో నా అనుభవం

32 మిల్లీమీటర్ల ఎత్తున్న బొమ్మకు రంగులు వేయడంలో కష్టమంతా చేతి నిలకడలోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. చెయ్యి కొంత సాధనతో కుదురుకుంటుంది; కుదురుకోవడానికి ఎక్కువ కాలం పట్టేది చూపు. సాయంత్రాల తరబడి భూతద్దం కింద పెట్టుకుని రంగులు వేసిన బొమ్మను ఆ వేసిన మనిషి మళ్లీ కొత్తగా చూడలేడు. తాను వేయాలనుకున్నది ఏమిటో అతనికి ముందే తెలుసు కాబట్టి, అది బొమ్మ మీద లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే ఈ పనిలో పక్కవాళ్ల కన్ను రంగుల సీసాలంత అవసరమైన వస్తువని నేను నమ్ముతాను. హనుమకొండలో ఒక మిత్రుని ఇంటి మేడమీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు కూర్చునే మా చిన్న బృందంలో, ఒక బొమ్మ ముడి రెసిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) దశ నుంచి వార్నిష్ దాకా ఎలా వెళ్లిందో, దారిలో ఎవరెవరు ఏ మాట చెప్పడం వల్ల అది ఏమేమి మారిందో ఇక్కడ రాస్తున్నాను.

ఈ బొమ్మలు ప్రధానంగా బల్లమీద ఆడే ఊహాలోకపు ఆటల కోసం పుట్టినవి. 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1983లో బ్రిటన్‌లో వార్‌హామర్ వచ్చాక వీటికి రంగులు వేయడం ఒక ప్రత్యేక కళగా ఎదిగింది. మాలో ఇంజినీరింగ్ విద్యార్థులు ఆట ద్వారా ఇటు వచ్చారు. నాకు ఆట రాదు, బొమ్మ మీద ప్రేమతో వచ్చాను. ప్రభుత్వ పాఠశాలలో డ్రాయింగ్ చెప్పే ఒక మేడమ్, జీవితమంతా సైన్‌బోర్డులు రాసిన ఒక పెద్దాయన కూడా మాతో కూర్చుంటారు. ఇంత వేర్వేరు కళ్లు ఒక్క గదిలో దొరకడం మా భాగ్యం.

మొదట్లో అందరం పూర్తయిన బొమ్మలనే తెచ్చుకునేవాళ్లం. వార్నిష్ వేసి, పీఠానికి అతికించిన బొమ్మను చేతికిచ్చి ఎలా ఉందని అడిగితే, మర్యాదగల మనిషి బాగుందనే అంటాడు. నిజం చెప్పినా ఆ మాట ఇక ఆ బొమ్మకు అందదు. అందువల్ల పద్ధతి మార్చుకున్నాం. ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలిపూత) తర్వాత, అడుగు రంగులు వేశాక, నీడలూ వెలుగులూ మొదలయ్యాక, చివరి మెరుగులకు ముందు, ఇలా పని నడుస్తుండగానే బొమ్మను బల్లమీద పెడతాం. రంగు వేసినవాళ్లు తమ ఉద్దేశాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలి: వెలుగు ఏ దిక్కు నుంచి వస్తోంది, చూసేవారి కన్ను ముందుగా ఎక్కడ ఆగాలి. ఆ తర్వాత బొమ్మను చాచిన చేతిదూరంలో పెట్టుకుని కాసేపు మాట లేకుండా చూస్తాం. మాట్లాడేవారు ముందు తమకు కనిపించినది చెప్పాలి, ఏం చేయాలో చెప్పడం ఆ తర్వాత. మెచ్చుకోలుకూ ఇదే నియమం. బాగుందన్నవారు ఏ చోట బాగుందో కుంచె వెనక కొనతో చూపించాలి. ఈ నియమం వల్ల మెప్పుకు కూడా విలువ వచ్చింది, ఎందుకంటే నిలిచిన చోటు ఏదో తెలిస్తేనే దాన్ని చెడగొట్టకుండా మిగతాది సరిచేసుకోగలం.

నేను తీసుకున్నది ఈటె పట్టుకుని నిలబడ్డ ఒక యోధురాలి బొమ్మ: తలకు శిరస్త్రాణం, ఛాతీకి లోహకవచం, భుజాల మీంచి మడమల దాకా వేలాడే దుప్పటి. త్రీడీ ప్రింటర్‌లో తీసిన రెసిన్ బొమ్మలకు ముద్రణ సమయంలో ఆసరాగా నిలిచిన సన్నని పుల్లల గుర్తులు మిగులుతాయి. వాటిని బ్లేడుతో గీకి, నీళ్లలో తడిపిన సన్నని ఎమరీ కాగితంతో రుద్దాలి. పొడిగా రుద్దితే లేచే రెసిన్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. తర్వాత సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాను. రంగు కంటే ముందు నేలను సిద్ధం చేయడం మన ప్రాంతపు చేతిపనివారికి కొత్త సంగతి కాదు. నిర్మల్ బొమ్మల కళాకారులు పొనికి చెక్కను చెక్కాక చింతగింజల నుంచి తీసిన జిగురుతో పైభాగాన్ని నునుపు చేసుకుని, ఆ తర్వాతే రంగు ముడతారు. మా ప్రైమర్ చేసే పని కూడా అదే, రంగుకు పట్టు ఇవ్వడం.

స్ప్రే ప్రైమర్‌కు వరంగల్ వాతావరణం అంతగా అనుకూలించదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు తుంపరలు బొమ్మను చేరకముందే గాలిలో ఆరిపోయి ఉపరితలం గరుకుగా తయారవుతుంది. వర్షాకాలంలో గాలిలోని తేమ వల్ల కూడా అలాంటి చిక్కే వస్తుంది. ఆ రెండు కాలాల్లో మేము కుంచెతోనే పలుచగా రెండు పూతలు వేసుకుంటాం. నేను ముందు నల్లని ప్రైమర్ వేసి, అది ఆరాక పైనుంచి మాత్రమే తెలుపును పొడికుంచెతో, అంటే రంగు దాదాపు తుడిచేసిన కుంచెతో, అద్దాను. దీనివల్ల వెలుగు ఎక్కడ పడుతుందో రంగు వేయకముందే బొమ్మ మీద గీసినట్టు కనిపిస్తుంది. మొదటి ఆదివారం అందరూ చూసినది ఈ నలుపు తెలుపుల బొమ్మనే. శిరస్త్రాణం అంచు ముఖాన్ని పూర్తిగా చీకట్లో పడేస్తోందని అప్పుడే తేలింది, కాబట్టి వెలుగు నడినెత్తి నుంచి కాకుండా ఎడమవైపు పైనుంచి వస్తున్నట్టు మార్చుకున్నాను.

అడుగు రంగుల గురించి చెప్పవలసింది తక్కువే. ఆక్రిలిక్ రంగు పలుచని మజ్జిగలా జారేట్టు నీళ్లతో కలుపుకుని, ఒక పూత ఆరాక ఇంకొకటి వేస్తే శిల్పంలోని సన్నని గీతలు పూడిపోవు. మన ఎండలకు ప్యాలెట్ మీది రంగు నిమిషాల్లో బిగుసుకుపోతుంది. మూత ఉన్న డబ్బాలో తడి స్పాంజి పరిచి, దానిపై కేకులు కాల్చేటప్పుడు వాడే బేకింగ్ పేపర్ వేసి రంగులు కలుపుకుంటే గంటల కొద్దీ తడిగా నిలుస్తాయి. కుంచె విషయంలో కొత్తవారికి నేనిచ్చే సలహా ఒకటే: అతి సన్నని నెంబరు కోసం వెతకవద్దు. మొన తీరిన 1వ నెంబరు కుంచె కాస్త ఎక్కువ రంగు పట్టుకుంటుంది, కాబట్టి కంటి దాకా తీసుకువెళ్లేలోగా రంగు కొనమీద ఆరిపోదు.

అసలు పని దుప్పటితో మొదలైంది. 180 సెంటీమీటర్ల మనిషిని 32 మిల్లీమీటర్లకు కుదిస్తే సుమారు 56వ వంతు అవుతుంది. నిజం దుప్పటిలో 5 సెంటీమీటర్ల లోతున్న మడత బొమ్మ మీద ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గదిలోని దీపం బొమ్మతో పోలిస్తే చాలా పెద్దది కాబట్టి, అంత చిన్న మడతల్లో గట్టి నీడలు పడవు. గుడ్డకు ఎర్ర రంగు సమంగా పూసి వదిలేస్తే అది గుడ్డగా కనిపించదు, ఎర్రని ముద్దగా కనిపిస్తుంది. అందుచేత నీడను మనమే వేయాలి, వెలుగును మనమే వేయాలి, అదీ నిజంలో ఉండేదానికంటే ఎక్కువ చేసి వేయాలి. నేను వేసుకొచ్చిన మడతలను చూసి ఒక విద్యార్థి ఫోన్‌లో ఫోటో తీసి, రంగు తీసేసి నలుపు తెలుపుల్లో చూపించాడు. "అన్నా, దుప్పటి, లోపలి అంగీ రెండు ఒక్కతీరే కనబడుతున్నయి చూడు" అన్నాడు. నిజమే, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ అయినా వెలుగులో రెండూ ఒకే మెట్టు మీద ఉన్నాయి. అంగీని రెండు మెట్లు కిందికి దించాలని అక్కడే నిర్ణయమైంది.

నీడకు నలుపు కలపబోతుంటే సైన్‌బోర్డుల పెద్దాయన ఆపారు. "తమ్ముడూ, ఎరుపుల నలుపు కలిపితె అది చచ్చిపోతది. జర నీలం కలిపి చూడు" అన్నారు. కొద్దిగా ముదురు నీలం, ఒక చుక్క గోధుమరంగు కలిపి పలుచని గ్లేజులుగా, అంటే కింది రంగు కనిపించే పూతలుగా, మడతల లోతుల్లోకి లాగినప్పుడు, ఎరుపు తన ఎరుపును పోగొట్టుకోకుండానే లోతుకు దిగింది. వెలుగువైపు తెలుపుకు బదులు నారింజ కలిపాను, ఎందుకంటే ఎరుపులో తెలుపు కలిస్తే గులాబీ అవుతుంది. దూరం నుంచి పోల్చుకోగలిగేలా రంగులు వేయడం గురించి ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నాం. చేర్యాల పటాలు ఇందుకు గొప్ప పాఠం. ఊరి జనం ముందు కథ చెప్పేవారు విప్పి చూపించే ఆ పటాల్లో ఎర్రని నేలమీద ఒక్కో ఆకారం నల్లని గీతల మధ్య ఎంత స్పష్టంగా నిలుస్తుందో చూస్తే, వివరం కంటే ముందు ఆకారం అందాలన్న సంగతి అర్థమవుతుంది. మా బొమ్మలో గీత గీయలేదు గానీ, దుప్పటి అంచు కాలిని తాకే చోట నీడను బాగా ముదురు చేసి ఆ పనే చేయించాను.

కవచం నన్ను అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టి ఉంచింది. లోహపు మెరుపున్న రంగు వాడకుండా, మామూలు బూడిద, నీలం, తెలుపు రంగులతోనే లోహాన్ని భ్రమింపజేసే పద్ధతి ఎంచుకున్నాను. ముదురు నుంచి లేతకు మెత్తగా, ఓపికగా కలుపుకుంటూ వచ్చాను. డ్రాయింగ్ మేడమ్ చాలాసేపు చూసి, "ఇది లోహం తీరు లేదు సార్, బూడిదరంగు బట్ట తీరు ఉన్నది. ఒక్కసారి వేయి స్తంభాల గుడి నందిని చూసి రండి" అన్నారు. 1163లో కట్టిన ఆ గుడిని చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణే, కానీ ఈ ప్రశ్నతో ఎన్నడూ చూడలేదు. నునుపు తీరిన ఆ నల్లరాతి నంది వీపు మీద వెలుగు సన్నని తెల్లని చీలికగా నిలుస్తుంది, దాని పక్కనే దాదాపు పూర్తి నలుపు ఉంటుంది, మధ్యలో మెట్లు ఉండవు. నేను ఒక అడుగు పక్కకు వేస్తే ఆ చీలిక కూడా రాతి మీద జరిగింది. కింద పొట్ట వంపులో నేల నుంచి తిరిగివచ్చిన మసక వెలుగు ఇంకొక సన్నని పట్టీగా కనిపించింది. అదే రోజు కోటకు వెళ్లి కీర్తితోరణాల గరుకు రాయిని చూశాను; అక్కడ వెలుగు వెడల్పుగా, మెత్తగా పరచుకుని ఎక్కడా మెరవదు. మెరుపంటే వెలుగు ఎక్కువ ఉండటం కాదని, ముదురూ లేతా పక్కపక్కనే తగలడమని ఆ రెండు రాళ్లను చూశాక నా చేతికి తెలిసింది. తిరిగి వచ్చి కవచం మీద మధ్యరంగు చాలా మటుకు తీసేశాను: ఎడమ వంపున సన్నని తెలుపు, దానికి ఆనుకుని నీలినలుపు, కింద అంచున దుప్పటి ఎరుపు ప్రతిఫలించినట్టు ఒక పలుచని గ్లేజు. తర్వాతి ఆదివారం మేడమ్ కుంచె కొనతో ఆ కింది అంచును చూపించి, ఇక్కడ లోహం వచ్చిందన్నారు.

ముఖానికి బజారులో దొరికే సిద్ధం చేసిన చర్మపు రంగులు చాలావరకు లేత గులాబీ ఛాయలు. మన ముఖాల రంగు కావాలంటే కలుపుకోవాలి. నేను బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగుకు ఎల్లో ఓకర్ అనే మట్టిపసుపు, రవ్వంత తెలుపు చేర్చాను. నీడకు కొద్దిగా ఊదా, వెలుగుకు మళ్లీ ఓకరే. గోధుమవన్నె చర్మం మీద తెలుపుతో వెలుగు పెంచితే పౌడరు రాసినట్టు పాలిపోతుంది. ఇంతా చేశాక మేడమ్, "ముఖం మీద వెలుగు ఉన్నది గని నెత్తురు లేదు సార్" అన్నారు. ముక్కు కొనమీద, కింది పెదవి మీద, బుగ్గల దిగువన ఎర్రని గ్లేజు చాలా పలుచగా పడగానే ముఖం బతికింది. కళ్లకు ముందు ముదురు గోధుమ గుంట, అందులో మాసిన తెలుపుతో అడ్డగీత, దాని మధ్య పై రెప్పనూ కింది రెప్పనూ తాకే నిలువు గీత. నల్లగుడ్డు రెండు రెప్పలనూ తాకకపోతే బొమ్మ భయపడి చూస్తున్నట్టు ఉంటుంది. కుడిచేతివాటం వాళ్లు తమకు కష్టమైన వైపు కన్నును ముందు వేసి, రెండోదాన్ని దానికి సరిపెట్టుకోవడం సులువు.

పీఠం మీద విరిగిన తోరణపు ముక్కను బంకమట్టితో మలిచి, కోటలో చూసిన గరుకు బూడిదరంగును పొడికుంచెతో అద్దాను. తేమ ఉన్న రోజు మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే చేస్తే తెల్లని పొర కమ్ముతుంది కాబట్టి, వాన తెరిపిచ్చి గాలి పొడిబారే దాకా ఆగి వేశాను.

మంచిర్యాలలో ఉండే ఒక మిత్రుడు ప్రతి ఆదివారం రాలేడు, అతని కోసం ఫోటోలు పంపుతాం. ఫోన్‌ను మరీ దగ్గర పెడితే బొమ్మ ముక్కు, చేతులు సాగినట్టు వస్తాయి. అడుగున్నర దూరంలో నిలిపి జూమ్ చేసి, వెనక బూడిదరంగు కాగితం పెట్టి, తెల్లని ఎల్‌ఈడీ వెలుగులో తీస్తాం. ఫోటో అరచేతికంటే పెద్దగా కనిపించేటప్పుడు బొమ్మ మీద కంటికి అందని గరుకు కూడా బయటపడుతుంది. అందుకని ఫోటో చూసి చెప్పిన మాటను, బొమ్మ చూసి చెప్పిన మాటను నా నోట్‌బుక్‌లో విడివిడిగా రాసుకుంటాను.

ఆ మిత్రుడికి దుప్పటి అంచున వేసిన నారింజ గీత నచ్చలేదు. గుడ్డ అంచు అంత వెలగదని, ఆ గీతను తీసేయాలని అతని వాదన. చేతిదూరంలో ఆ గీత లేకపోతే దుప్పటి నేలలో కలిసిపోతుందని పెద్దాయన అంటారు. నేను రెండు మాటలూ విని గీతను ఉంచాను, వెనకవైపు మాత్రం సగం దాకా పలుచన చేశాను. ఒక విద్యార్థి ఇప్పుడు ఆకుపచ్చ చర్మం ఉన్న రాక్షసుడి బొమ్మకు ప్రైమర్ వేసి తెచ్చాడు. దుప్పటి అంచు గీత మీద తెగని ఈ వాదన ఆ రాక్షసుడి తోలు పట్టీల మీద మళ్లీ నడవబోతోంది, దానికోసం మంచిర్యాల మిత్రుడు ఈసారి స్వయంగా వస్తానన్నాడు.