సిటీ హైబ్రిడ్ పెట్రోల్ పుస్తకం: 3,230 కిలోమీటర్ల దాకా

మా నాన్నకి చేతక్ స్కూటర్ ఉన్న రోజుల్లో ఒక పాత డైరీలో పెట్రోల్ లెక్క రాసేవాడు, తేదీ, ఎన్ని లీటర్లు, మీటర్ రీడింగ్, పక్కన "సైడ్ స్టాండ్ స్ప్రింగ్ 12 రూ." అని కూడా. అప్పుడు నవ్వేవాళ్ళం. ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నా, కాకపోతే ఫోన్‌లో. దసరా ముందు హోండా సిటీ ఈ-హెచ్‌ఈవీ తీసుకున్నా, అంటే పెట్రోల్ ఇంజినూ కరెంటు మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ కారు, నాలుగున్నర నెలలైంది. ఆరు ట్యాంకుల లెక్క అయింది, ఆ ఆరిటి కథే ఇది.

ముందు డెలివరీ రోజు. షోరూమ్‌లో సెరామిక్ కోటింగ్, అండర్‌బాడీ కోటింగ్, అదేదో ఎక్స్‌ట్రా ప్యాక్ అని గంటన్నర కూర్చోబెట్టారు, వద్దు అని నాలుగోసారి చెప్పాక వదిలారు. అక్కణ్ణుంచి గుడికి. పంతులుగారు నిమ్మకాయలు పెట్టి "ఇక స్టార్ట్ చెయ్యి నాయనా" అన్నారు, నేను "స్టార్ట్‌లోనే ఉందండి" అన్నా, ఆయన నమ్మలేదు, మళ్ళీ చెయ్యమన్నారు. చప్పుడు లేకుండా ముందుకి కదిలేసరికి పక్కకి గెంతారు పాపం. నిమ్మకాయ చితికిన చప్పుడు మాత్రం శుభ్రంగా వినపడింది.

లెక్క ఎలా రాస్తున్నానంటే, ఊళ్ళో ఉన్నంతవరకు ఒకే బంకు, ఒకే పంపు, ట్యాంక్ నిండి పంపు దానంతటదే ఆటో కట్ అవగానే ఆపెయ్యడం. బంకు కుర్రాడు "రౌండ్ ఫిగర్ చెయ్యనా సార్" అంటాడు, అదొక్కటి ఒప్పుకోకూడదు, ఆ ఒకటిన్నర లీటరుతో లెక్కంతా పాడైపోద్ది. ట్యాంక్ 40 లీటర్లు, మామూలుగా సగం అటూ ఇటూ అయ్యాక మళ్ళీ ఫుల్ చేయిస్తా. మీటర్‌లో చూపించే మైలేజీ వేరు, నా లెక్క వేరు, మూడో ట్యాంక్‌కి మీటర్ లీటరుకి 24.9 కి.మీ. అంది, నాకు 23.6 వచ్చింది. ఒకటి, ఒకటిన్నర తగ్గించుకుని చదువుకోవాలి అంతే.

మొదటి ట్యాంక్: 486 కి.మీ., 25.9 లీటర్లు, అంటే లీటరుకి 18.8. చూసి గుండె జారింది. కంపెనీ చెప్పేదేమో 27 పైన. నేను అప్పటికే మా బావకి ఫోన్ చేసి గొప్పలు చెప్పి ఉన్నా. కారణం తర్వాత అర్థమైంది, ఆ మూడు వారాలూ బండి తిరిగిందంతా చిన్న చిన్న ట్రిప్పులే, పాపని స్కూల్లో దింపడం, కూరగాయలు, మళ్ళీ ఇల్లు, ఒక్కోటి మూడు కిలోమీటర్లు. ఇంజిన్ చల్లగా ఉంటే బ్యాటరీ నిండా ఉన్నా సరే కాసేపు తిరిగి వేడెక్కుతుంది, వేడెక్కేసరికి మనం ఇంటికొచ్చి ఆపేస్తాం. అంటే ప్రతిసారీ పొయ్యి వెలిగించి గిన్నె పెట్టకుండా ఆర్పేసినట్టు.

రెండోది: 538, 25.1 లీటర్లు, 21.4.

మూడోది: 571, 24.2 లీటర్లు, 23.6. ఇది దాదాపు మొత్తం ఆఫీసే. మియాపూర్ నుంచి హఫీజ్‌పేట, కొండాపూర్, గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ, వారానికి మూడు రోజులు. ఇక్కడ నా పాత పెట్రోల్ ఆటోమేటిక్ పది ఇస్తే గొప్ప. ఈ బండిలో తక్కువ స్పీడ్‌లో చక్రాలని తిప్పేది కరెంటు మోటారే, ఇంజిన్ పని జనరేటర్‌ని తిప్పి కరెంటు తయారుచెయ్యడం, హైవే స్పీడ్‌లో వెళ్ళేటప్పుడు మాత్రం ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకి కలుస్తుంది. మామూలు గేర్‌బాక్స్ అనేదే లేదు. అందుకని కొత్తగూడ దగ్గర పాక్కుంటూ వెళ్ళేటప్పుడు చాలాసేపు ఇంజిన్ ఆగే ఉంటుంది, ఏసీ కంప్రెసర్ కూడా కరెంటుదే కాబట్టి ఏసీ ఆగదు, కాకపోతే బ్యాటరీ దిగిపోయినప్పుడల్లా సిగ్నల్‌లో నిలబడి ఉండగానే ఇంజిన్ దానంతటదే లేస్తుంది, మొదట్లో ఎవరో తట్టి లేపినట్టు ఉండేది. బ్యాటరీ చిన్నది, దాని మీదే వెళ్తే కిలోమీటరో, మహా అయితే రెండో. "బావా ఛార్జింగ్ ఎక్కడ పెడతావ్" అని మావాళ్ళలో అడగనివాడు లేడు. ఎక్కడా పెట్టను రా నాయనా, దీనికి ప్లగ్గే లేదు.

అసలు కిటుకు యాక్సిలరేటర్‌లో లేదు, బ్రేక్‌లో ఉంది. ఇది నాకు మూడో ట్యాంక్‌లోనే తెలిసొచ్చింది. ముందు బండి ఎర్ర లైటు దూరాన కనపడగానే కాలు తీసేసి, స్టీరింగ్ వెనక ఉండే ఎడమ ప్యాడిల్ రెండు మూడు సార్లు నొక్కితే బండి తనంతట తను నెమ్మదిస్తూ బ్యాటరీ నింపుకుంటుంది, చివర్లో బ్రేక్ మీద కాలు అలా ఆనించి ఉంచితే చాలు. గట్టిగా తొక్కితే మాత్రం ఆ శక్తిలో చాలా భాగం బ్రేక్ డిస్కుల వేడికి పోతుంది. మన రోడ్ల మీద చిక్కేంటంటే ముందు బండికీ మనకీ మధ్య కాస్త జాగా వదిలామా, అందులోకి ఒక ఆటో, రెండు బైకులు దూరతాయి. దూరనీ అని వదిలేయడం అలవాటు చేసుకున్నా, మా ఆవిడ "నువ్వు మారిపోయావ్" అంటోంది. ఎడమ ఇండికేటర్ వేస్తే అటువైపు కెమెరా బొమ్మ స్క్రీన్ మీదకి వస్తుంది కదా, అది ఈ బైకుల విషయంలో బాగా పనికొస్తోంది.

నాలుగోది సంక్రాంతి ట్రిప్, రానూ పోనూ రెండు సార్లు కొట్టించింది ఒకటిగానే రాశా, అసలు సినిమా ఇదే. పండగకి ముందు హైదరాబాద్ విజయవాడ రోడ్డు ఎలా ఉంటుందో తెలిసిందే. చౌటుప్పల్ దగ్గర్నుంచి పంతంగి టోల్ దాకా చీమల బారు. వెనక అమ్మ, పాప, నేను మైలేజీ పోయిందనుకుని కూర్చున్నా. విజయవాడ చేరి బెంజ్ సర్కిల్ దాటాక ఫుల్ చేయిస్తే 281 కి.మీ.కి 12.6 లీటర్లు, 22.3! తిరిగొచ్చేటప్పుడు కనుమ మర్నాడు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు, కోదాడ, సూర్యాపేట ఎప్పుడు దాటామో కూడా తెలీలేదు, ఎక్కువసేపు 110 పైనే, ఊళ్ళో తిరిగింది కూడా కలిపి 298 కి.మీ.కి 16.6 లీటర్లు తాగింది. 17.95. జామ్‌లో ఇరుక్కుంటే 22, హాయిగా వస్తే 18, ఇది మా బావకి ఎంత చెప్పినా ఎక్కలేదు, "డీజిల్ తీసుకోమంటే విన్నావా" అని ఒకటే పాట. అతను చెప్పేదాంట్లోనూ నిజముంది, నెలకి నాలుగు సార్లు హైవే ఎక్కేవాళ్ళకి ఇది సరైన బండి కాదు, నా అభిప్రాయం అయితే అదే. 90 దగ్గర పట్టుకుని వెళ్తే 22, 23 వస్తుంది గానీ ఖాళీ రోడ్డు మీద 90లో వెళ్ళే ఓపిక నాకు లేదు.

డిక్కీ సంగతి కూడా అక్కడే తేలింది. మామూలు పెట్రోల్ సిటీకి 506 లీటర్లు, దీనికి 306, మిగతాది బ్యాటరీ సామాను తినేసింది. కొనేటప్పుడు అంకెలా కనపడింది, కంకిపాడులో అమ్మమ్మవాళ్ళింటి ముందు నిలబడితే తెలిసింది. పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు, అరిసెల డబ్బా, మినుములు, ఒక బూడిద గుమ్మడికాయ, ఆరు కొబ్బరికాయలు, ఇవి కాక మా సూట్‌కేసులు. మామయ్య మూడు రకాలుగా సర్ది చూశాడు. చివరికి సూట్‌కేసు సీట్లోకి, గుమ్మడికాయ అమ్మ కాళ్ళ దగ్గరికి. ఒక బస్తా వెనక సీటు పక్కన పెట్టబోతే నేనే ఆపా, లోపల బ్యాటరీ గాలి పీల్చుకునే జాలీ ఉంటుంది, దానికి ఏదీ అడ్డం పెట్టొద్దని మాన్యువల్‌లో ఉంది, మీ బండిలో అదెక్కడుందో ఒకసారి చూసుకోండి.

ఆ ఊళ్ళోనే నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి. బ్రేక్ తొక్కకుండా పవర్ బటన్ నొక్కి, పిల్లలకి పాటలు పెట్టి, లోపలికెళ్ళి భోజనానికి కూర్చున్నా. గంటన్నర తర్వాత వస్తే బండి ఉలకదు పలకదు. మోటారుని నడిపే పెద్ద బ్యాటరీ వేరు, లైట్లకి, కంప్యూటర్లకి ఉండే మామూలు 12 వోల్టుల బ్యాటరీ వేరు, మీటర్‌లో రెడీ అని రాకపోతే పెద్దది చిన్నదాన్ని నింపదు, చిన్నది పడుకుంటే పెద్దది ఉన్నా లేవదు. పక్క ఊరి ఎలక్ట్రీషియన్ వచ్చి జంపర్ పెడితే లేచింది. అప్పట్నుంచి రెడీ అని కనపడితేనే పాటలు.

ఐదోది శ్రీశైలం, 452 కి.మీ., 19.3 లీటర్లు, 23.4. మన్ననూర్ దగ్గర అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరి ఆరు దాటేసరికి అక్కడున్నాం. అడవిలో ఎలాగూ స్పీడు పోకూడదు, ఈ బండికి అదే కావాలి. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు మాత్రం ఒక వింత. ఆ దిగుడుకి బ్యాటరీ నిండిపోయింది, యాక్సిలరేటర్ మీద కాలు కూడా లేదు, ఉన్నట్టుండి ఇంజిన్ గొంతు చించుకుని అరవడం మొదలెట్టింది. మా ఆవిడ భయపడి పక్కకి ఆపమంది. తర్వాత చదివితే తెలిసింది, నిండిన బ్యాటరీలోకి ఇంకా కరెంటు తోయలేదు కాబట్టి ఆ వచ్చేదాంతో ఇంజిన్‌ని ఊరికే తిప్పి శక్తిని ఖర్చు చేస్తుందట, అప్పుడు పెట్రోల్ కాలదు. అంటే మన ఇంజిన్ బ్రేకింగే వేరే దారిలో. ఘాట్ దిగేవాళ్ళు కంగారు పడకండి.

ఆరోది 604, 24.1 లీటర్లు, 25.06. ఇప్పటికి రికార్డు. చేసిందల్లా టైర్లలో గాలి రెండు వారాలకోసారి పొద్దున్నే, బండి తియ్యకముందు, డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్నంత పెట్టడం, చిన్న పనులన్నీ ఒకే ట్రిప్పులో కలిపెయ్యడం, ఇంకా ఈ నెల ఎండ లేదు కాబట్టి ఏసీ 25లో. ఏప్రిల్‌లో ఏమవుతుందో చూడాలి. పెట్రోల్ కూడా ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిందే కదా, ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, ఆ కోత ఎటూ ఉంటుంది.

మొత్తం 3,230 కి.మీ., 147.8 లీటర్లు, సగటు 21.85. డబ్బు లెక్క అడుగుతారు కాబట్టి అదీ చెప్తా. నెలకి 700 కి.మీ. వేసుకుంటే, పాత బండి మొత్తం మీద సగటు 12 లెక్కన 58 లీటర్లు, ఇది 32, తేడా 26 లీటర్లు, నేను కొట్టించినప్పటి ధర లీటరు 107 చొప్పున 2,800 మిగులు. నాకిచ్చిన కొటేషన్లలో పెట్రోల్‌కీ దీనికీ తేడా మూడున్నర లక్షలు. భాగించుకోండి, పదేళ్ళు దాటుతుంది, బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్ళు. డబ్బు మిగుల్తుందని కొన్నానని మాత్రం ఎవరితోనూ అనట్లేదు. సాయంత్రం ఏడింటికి గచ్చిబౌలిలో గంటసేపు ఇరుక్కుని ఇంటికొచ్చినా తలనొప్పి లేదు, దానికి ఎంత కట్టాలో ఆ లెక్క నాన్న డైరీలో లేదు.

ఏడో ట్యాంక్ నడుస్తోంది, 214 కి.మీ. అయింది. ఈ ఆదివారం బావ వచ్చి తనే నడిపి చూస్తాడట, ఆ రోజు లెక్క విడిగా రాయాలి.