ప్రభుత్వాసుపత్రిలో ఎలక్ట్రానిక్ చెల్లింపులు
బంధువుకు తోడుగా ప్రభుత్వాసుపత్రిలో కొంతకాలం ఉండవలసి వచ్చినప్పుడు, అక్కడి రుసుముల వసూలు నగదు నుంచి కార్డులకు, క్యూఆర్ కోడ్‌కు మారడాన్ని దగ్గరగా గమనించాను. వరుస తగ్గడం కంటే నాకు ముఖ్యంగా తోచింది రసీదు: ప్రతి చెల్లింపూ రోగి నమోదు సంఖ్యతోను, చేయించుకోవలసిన పరీక్షతోను ముడిపడి వెంటనే లెక్కలోకి చేరుతున్నందున, చిత్తు కాగితం మీద అంకె రాసిచ్చి డబ్బు తీసుకునే అవకాశం చాలావరకు మూసుకుపోయింది. చిల్లర కోసం వాదులాట కూడా తప్పిందనుకోండి.

కష్టమంతా నెట్‌వర్క్ తడబడినప్పుడే. ఖాతాలో డబ్బు తగ్గి, ఆసుపత్రి తెరపై మాత్రం చెల్లింపు కనిపించకపోతే, ఆ సొమ్ము తిరిగి జమయ్యేలోగా రోగి రెండోసారి కట్టాలా, లేక ముందు పరీక్ష చేసి లెక్క తరువాత సరిచూసుకోవాలా అన్నది యంత్రం తేల్చదు. దానికి లిఖితపూర్వకమైన నియమమూ, నిర్ణయం తీసుకోగల ఉద్యోగీ ఉండాలి. నేను చూసిన చోట ఆ రెండూ కనిపించలేదు. స్మార్ట్‌ఫోన్ లేని వృద్ధులు పక్కవారి చేత చెల్లింపు చేయించి, వారి చేతిలో నగదు పెట్టడం చూశాక, ఒక్క నగదు కౌంటరైనా ఉంచి, అక్కడా అదే వ్యవస్థ నుంచి రసీదు ఇవ్వడమే సబబని నాకనిపించింది. రద్దయిన పరీక్షల రుసుము తిరిగి చెల్లించే పనిని కూడా ఆ కౌంటరుకే అప్పగించవచ్చు.