నా అనుభవం: సౌండ్ ఆపేసి హాఫ్-లైఫ్ ఆడాను

నిన్న రాత్రి 1.40కి హాఫ్-లైఫ్ అనే కంప్యూటర్ ఆట పూర్తి చేశాను. ఆ తర్వాత సరిగ్గా నిద్ర పట్టలేదు, అందుకే ఆఫీసుకి బయల్దేరే ముందే ఇది రాస్తున్నాను. మొత్తం 31 గంటలు పట్టింది. అందులో పదకొండు గంటలు ఒక్క చోటే పోయాయి. ఎక్కువగా ఆ చోటు గురించే చెప్తాను.

ఈ ఆటతో నాకు పాత బాకీ ఉంది. 2004లో గుంటూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలిచ్చి కౌంటర్-స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడేవాళ్లం. అందులో డస్ట్ 2 అనే మ్యాప్‌లో నా చేతికి స్నైపర్ తుపాకీ వచ్చిందంటే అవతలి టీమ్ ఆ దారిలో వచ్చేది కాదు. ఇది గొప్పకి చెప్పట్లేదు, అప్పట్లో నా కుర్చీ వెనక నిలబడి చూసినవాళ్లు సాక్ష్యం. ఆ కంప్యూటర్లలో కౌంటర్-స్ట్రైక్ ఫోల్డర్ హాఫ్-లైఫ్ అనే ఇంకో ఫోల్డర్ లోపల ఉండేది. అదేంటో అడిగితే ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది: అసలు ఆట హాఫ్-లైఫ్, దాని మీద మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1999లో కట్టుకున్న మోడ్, అంటే ఉన్న ఆటని మార్చి చేసిన ఇంకో ఆట, కౌంటర్-స్ట్రైక్. అంటే మేం నాలుగేళ్లు ఒకరి ఇంటి వరండాలో ఆడుకుని, లోపలికి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

2023 నవంబర్‌లో ఆటకి పాతికేళ్లు నిండాయని దీన్ని తయారుచేసిన వాల్వ్ కంపెనీ కొద్ది రోజులు ఉచితంగా ఇచ్చింది. అప్పుడు తీసుకుని ఊరుకున్నాను. మొన్న వేసవిలో మొదలుపెట్టాను. ఇన్‌స్టాల్ చేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. 24 ఎంబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో నడవడానికి చేసిన ఆట ఇది, ఏ పాత లాప్‌టాప్‌లో అయినా నడుస్తుంది.

మొదటి అధ్యాయాలు హాయిగా సాగాయి. గోర్డన్ ఫ్రీమన్ అనే శాస్త్రవేత్త న్యూ మెక్సికో ఎడారి కింద ఉన్న బ్లాక్ మెసా పరిశోధన కేంద్రానికి ట్రామ్‌లో డ్యూటీకి వెళ్తుంటాడు. చాలా నిమిషాలు అంతే, కిటికీలోంచి చూడటమే. తర్వాత ప్రయోగం బెడిసి వేరే లోకం జీవులు వచ్చి పడతాయి. మధ్యలో కథ చెప్పే వీడియోలు ఎక్కడా రావు. ఏం జరిగినా మన కళ్లముందే, మన చేతిలో ఆట ఉండగానే జరుగుతుంది. 1998లో ఇలా ఆలోచించినవాళ్లకి దండం పెట్టాలి.

ఇక ఆ పదకొండు గంటలు మింగిన చోటు, బ్లాస్ట్ పిట్ అనే అధ్యాయం. రాకెట్ ఇంజన్ని పరీక్షించే లోతైన గొయ్యి అది. అడుగునుంచి మూడు పెద్ద కొమ్మల్లాంటివి లేచి ఉంటాయి, కొసన గద్ద ముక్కు. గొయ్యి చుట్టూ ఇనుప మెట్లు, నిచ్చెనలు. మనం కిందికి దిగి ఒక వైపు ఇంధనం, ఆక్సిజన్, ఇంకో వైపు కరెంటు ఆన్ చేసి, మళ్లీ పైకొచ్చి కంట్రోల్ రూమ్‌లో బటన్ నొక్కితే ఇంజన్ మండి వాటిని కాల్చేస్తుంది. రాస్తే ఇంతే. నేను ఐదు రాత్రులు చచ్చాను.

మా పాపకి రెండేళ్లు. పడుకున్నాక చిన్న చప్పుడైనా లేస్తుంది. అందుకని మొదటి రోజునుంచీ లాప్‌టాప్ సౌండ్ ఆపేసి ఆడుతున్నాను. హెడ్‌ఫోన్స్ కొనకుండా కాదు. సికింద్రాబాద్‌లో ఒక షాపులో పద్దెనిమిది వందలు పెట్టి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే కుడి చెవి పలకదు. మర్నాడే తీసుకెళ్తే, "సీల్ ఓపెన్ చేశారు సార్, మా బాధ్యత కాదు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి" అన్నాడు. సీల్ తీయకుండా చెవిలో ఎలా పెట్టుకుంటారు? మూడుసార్లు తిరిగాను, మూడోసారి కుర్రాడు నా ముఖం కూడా చూడలేదు. మీరు హెడ్‌ఫోన్స్ ఎక్కడ కొన్నా సరే, డబ్బులిచ్చే ముందు అక్కడే పెట్టె విప్పించి రెండు చెవులూ పరీక్షించండి. మొహమాటపడొద్దు.

అలా శబ్దం లేకుండా గొయ్యిలోకి దిగాను. ఆ ముక్కులు ఎప్పుడు ఎక్కడ పొడుస్తాయో అంతు పట్టలేదు. పరిగెత్తితే పొడిచేవి. ఇంకా వేగంగా వెళ్లాలనుకుని ఇంకా పరిగెత్తాను. కాల్చి చూశాను. కాసేపు గొయ్యిలోకి ముడుచుకుని మళ్లీ లేచేవి. ఉన్న గ్రెనేడ్లన్నీ నేరుగా వాటి మీదే విసిరాను, ఒక్కటీ పనిచేయలేదు. దానికి తోడు గ్రెనేడ్లు అయిపోయాకే ఎఫ్6 నొక్కి సేవ్ చేశాను, కాబట్టి వెనక్కి వెళ్లినా ఖాళీ చేతులే. నాలుగో రాత్రి లాప్‌టాప్ మూసేసి, గురి తప్పని నా చేతులు ఏమైపోయాయి, వయసైపోయిందా అని చాలాసేపు బాల్కనీలో కూర్చున్నాను. చిన్న విషయమే కావచ్చు, కానీ ఒక పనిలో మనం మొనగాళ్లం అని ఇరవై ఏళ్లు నమ్మాక అది పోతే బాధగానే ఉంటుంది.

ఐదో రోజు అక్కా, బావగారూ పిల్లాడితో వచ్చారు. వాడు తొమ్మిదో తరగతి. భోజనాలయ్యాక హాల్లో అందరి ముందు, "మావయ్యా, కాలేజీలో నువ్వే టాప్ అని అమ్మ చెప్తుంది, ఆడి చూపించు" అన్నాడు. చూపించాను. వరసగా ఆరుసార్లు చనిపోయాను. బావగారు నవ్వాపుకోలేక లేచి వెళ్లారు. మా ఆవిడ కూడా నవ్వింది. పిల్లాడు మాత్రం నవ్వలేదు. తెర వైపు చూసి, "మావయ్యా, సౌండ్ ఏది?" అన్నాడు. పాప లేస్తుందని ఆపేశానన్నాను. వాడు బ్యాగులోంచి తన హెడ్‌ఫోన్స్ తీసి నాకు తగిలించి, "కదలకుండా ఉండు. విను చాలు" అన్నాడు.

విన్నాను. ఠంగ్... ఠంగ్... ఆ ముక్కులు ఇనుప నేలని తడుతున్నాయి. గుడ్డివాడు కర్రతో దారి తడుముకున్నట్టు. వాటికి కళ్లు లేవు, చెవులే ఉన్నాయి. మన అడుగుల చప్పుడుకే వస్తాయి. దానికి మన మాట వినపడుతుంది, మెల్లగా ఉండమని ఆట ముందే ఒక మనిషి నోట హెచ్చరిస్తుందట. నా తెర మీద ఆ మాటలు అక్షరాల్లో రాలేదు, సౌండ్ లేదు కాబట్టి నా చెవిన పడనూ లేదు. గ్రెనేడ్ ఉన్నది వాటి మీద వేయడానికి కాదు, దూరంగా ఇంకో మూలకి విసరడానికి. పేలిన చోటికి మూడూ వెళ్లి పొడుస్తుంటే మనం ఇటునుంచి దిగిపోవాలి.

నా దగ్గర గ్రెనేడ్లు లేవు కదా. కంట్రోల్ నొక్కి వంగి, అంగుళం అంగుళం కదిలాను. ఒక ముక్కు నా తల పక్కకొచ్చి ఆగింది. నేనూ ఆగాను. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. అది అటు తిరిగింది, నేను నిచ్చెన అందుకున్నాను. మొత్తం నలభై నిమిషాలు. పైకొచ్చి బటన్ నొక్కినప్పుడు ఆ మంట మోతకి హెడ్‌ఫోన్స్ లోపల నా చెవులు అదిరాయి. పిల్లాడు చప్పట్లు కొట్టాడు. బావగారు వచ్చి వెనక ఎప్పుడు నిలబడ్డారో తెలీదు.

ఒక్క మాట చెప్పాలి. ఈ ఆట 1997 చివర్లోనే రావాల్సింది. అది బాగా రాలేదని తయారుచేసినవాళ్లకే అనిపించి, చేసినదాంట్లో చాలా భాగం పక్కనపెట్టి, ఇంకో ఏడాది కూర్చుని మళ్లీ చేశారు. వాళ్లకి అది మొదటి ఆట, అప్పటికి వాళ్లకి పేరు ప్రఖ్యాతులు కూడా లేవు. నేను సాఫ్ట్‌వేర్‌లో పదిహేనేళ్లుగా ఉన్నాను, "ఇది బాగాలేదు, మళ్లీ చేద్దాం" అన్న మేనేజర్‌ని ఇంతవరకు చూడలేదు. డేట్ దాటకుండా ఉంటే చాలు మా దగ్గర. చూపు, చేయి, చెవి మూడిటినీ వాడుకునే ఆ గొయ్యి హడావిడిలో పుట్టేది కాదు.

తర్వాత ఆన్ ఎ రైల్ అనే అధ్యాయంలో దారి తప్పాను, ఒక పూట పోయింది. సైనికులు పట్టుకుని ఆయుధాలన్నీ లాక్కుని చెత్త నలిపే యంత్రంలో పడేస్తారు, భయపడకండి, బయటపడటం తేలికే. సర్ఫేస్ టెన్షన్ అనే అధ్యాయంలో నా పాత చేతులు తిరిగొచ్చాయి. అక్కడ సైనికులు మన మీదికి గుడ్డిగా రారు, చుట్టుముడతారు, గ్రెనేడ్ విసిరి దాక్కున్న చోటునుంచి కదిలిస్తారు. ఆ అధ్యాయం నేను ఆడింది ఎవరైనా రికార్డు చేసి ఉంటే బాగుండేది.

చివర్లో జెన్ అనే వేరే లోకం వస్తుంది, గాల్లో తేలే రాళ్ల మీద దూకాలి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. పరిగెడుతూ వంగే మీట, ఆ వెంటనే ఎగిరే మీట నొక్కితే లాంగ్ జంప్ పడుతుంది. మెనూలో హజార్డ్ కోర్స్ అని శిక్షణ ఉంది, అది మొదటే చేయండి. నేను "నాకెందుకు" అనుకుని వదిలేసి, జెన్‌కి వచ్చాక వెనక్కెళ్లి చేశాను. చివరి శత్రువు నైహిలాంత్‌ని చంపాలంటే ముందు దానికి బలమిచ్చే స్ఫటికాలు పగలగొట్టాలి, తర్వాతే తల. కష్టం మీడియంలో పెట్టుకోండి, దానికి సిగ్గుపడాల్సిందేం లేదు.

చిట్టచివర సూటు వేసుకున్న పెద్దమనిషి వచ్చి ట్రామ్‌లో నిలబెట్టి ఒక ప్రశ్న అడుగుతాడు. నేనేం ఎంచుకున్నానో చెప్పను. ఆట మొదలైంది ట్రామ్‌లోనే, అది గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

పిల్లాడు ఊరికి వెళ్తూ హెడ్‌ఫోన్స్ నా దగ్గరే వదిలేసి వెళ్లాడు, "అయిపోయాక ఇవ్వు మావయ్యా" అని. ఈ రోజు మధ్యాహ్నం కొరియర్‌లో వేస్తాను. రెండు చెవులూ పలుకుతున్నాయని పరీక్షించే పెట్టెలో పెట్టాను.