తుప్పుకి పట్టేసిన లోయర్ ఆర్మ్ బోల్టుని ఇంటి దగ్గరే ఊడదీశాను

పని నిన్న రాత్రే పూర్తయింది. అరచేతులు ఇంకా మండుతున్నాయి. అయినా ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. విశాఖలో సముద్రానికి దగ్గరగా కారు పెట్టుకునేవాళ్లందరికీ ఈ బోల్టుతో ఏదో ఒక రోజు పని పడుతుంది.

మేముండేది పాండురంగాపురంలో. ఏటా రంగు వేయించినా ఇక్కడి ఉప్పు గాలికి బాల్కనీ గ్రిల్లు పెచ్చులు లేచిపోతుంది. ఇక కారు అడుగు భాగం సంగతి చెప్పేదేముంది? గోతుల్లో పడ్డప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమని శబ్దం రావడం మొదలైంది. చక్రాన్ని బండి అడుగు చట్రానికి కలిపే ఇనప చెయ్యిని లోయర్ ఆర్మ్ అంటారు. దాని కీలు దగ్గరుండే బుష్‌లో రబ్బరు చిరిగింది, అంతే.

ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే బోల్టు రావడం లేదన్నారు. ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు "సబ్‌ఫ్రేమ్ మొత్తం మార్చాలి సార్" అంటూ ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. ఆర్మ్‌ని బిగించే ఆ అడుగు చట్రమే సబ్‌ఫ్రేమ్. ఎక్కడ పట్టేసిందో చూపించమంటే కస్టమర్లని లోపలికి రానివ్వం అన్నాడు. పైగా నలుగురిలో, మా నాన్నగారు పక్కనే ఉండగా, "ఇంత తుప్పు పట్టిన బండికి ఖర్చెందుకు సార్, ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేయండి" అన్నాడు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో నాన్నగారు కొన్న బండి అది. ఇంటికొచ్చేదాకా ఆయన నోరు విప్పలేదు. ఒక్క బోల్టు చేతకాక మనిషిని అంత మాట అనేవాళ్లకి మళ్లీ బండి ఇవ్వకూడదని అప్పుడే తేల్చుకున్నాను.

కొత్త ఆర్మ్, కొత్త బోల్టులు ఆటోనగర్‌లో దొరికాయి. బండి ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టాను. కారుతో వచ్చే జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు, అది చక్రం మార్చడానికే. చక్రం వైపు కీలు, అంటే బాల్ జాయింట్ బోల్టు తేలిగ్గా వచ్చింది. వెనక బుష్ బోల్టులు పొడవు పిడి సాకెట్‌కి లొంగాయి. మా బండిలో స్ప్రింగు స్ట్రట్ (ముందు షాకబ్జార్బర్) మీదే బిగించి ఉంటుంది కాబట్టి లోయర్ ఆర్మ్ తీస్తే ఎగిరిపడదు. స్ట్రట్ పైనున్న నడిమి నట్టు జోలికి మాత్రం స్ప్రింగు కంప్రెసర్ లేకుండా వెళ్లకండి, ప్రాణం మీదికొస్తుంది.

ఇక మిగిలింది ముందు బుష్ బోల్టు. నన్ను ఏడిపించింది అదే. సాకెట్‌కి గొట్టం తొడిగి బలంగా తిప్పితే పావు చుట్టు తిరిగేది. వస్తోంది కదా అని సంబరపడి చెయ్యి వదిలితే మెల్లగా వెనక్కి తిరిగి మొదటికే వచ్చేది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే మళ్లీ పావు చుట్టు, మళ్లీ వెనక్కి. బోల్టు విరగదు, రాదు, కదలకుండానూ ఉండదు. అర్థం కాక పిచ్చెక్కిపోయింది.

మా కింది పోర్షన్‌లో స్టీల్ ప్లాంటులో మెయింటెనెన్స్ పని చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయన వచ్చి టార్చి వేసి చూశారు. నన్ను తిప్పమని, బుష్ మీద వేలు పెట్టి "ఇలా చూడు బాబూ, బోల్టుతో పాటు రబ్బరు మెలి తిరుగుతోంది" అన్నారు. అప్పుడు తెలిసింది. బుష్ మధ్యలో ఇనప గొట్టం ఉంటుంది, బోల్టు దాంట్లోంచే వెళ్తుంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. రెండింటి మధ్యా ఉన్న వెంట్రుకవాసి సందు నిండిపోయి అవి ఒకే ముక్కైపోయాయి. మరలు బాగానే ఉన్నాయి, పట్టేసింది గొట్టం లోపల. బయట ఎంత స్ప్రే కొట్టినా అక్కడిదాకా చేరదు. మొండిగా తిప్పితే సబ్‌ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేసిన నట్టు ఊడిపోవచ్చు. అప్పుడు ఆ కుర్రాడి ఎస్టిమేటే నిజమై కూర్చునేది.

వీధి చివర మెకానిక్ గ్యాస్ మంట పెడతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. పక్కనే బ్రేకు గొట్టం ఉంది, పైగా రబ్బరు అంటుకుంటుంది. పెద్దాయన కూడా "కోసేద్దాం" అన్నారు.

గొట్టం అంచు బ్రాకెట్‌ని ఆనుకునే చోట, రెండు పక్కలా, బోల్టుని అడ్డంగా కోయాలి. హాక్సా ఫ్రేము పట్టే చోటు కాదు కాబట్టి బైమెటల్ బ్లేడుకి ఒక చివర గుడ్డ చుట్టి చేత్తోనే లాగాం. బోల్టు తలమీద దాని బలం చెప్పే అంకె 10.9 అని ఉంది. అది 8.8 కన్నా గట్టి రకం, బ్లేడు కింద నత్తలా కదిలింది. చుక్క చుక్క నూనె వేస్తూ, వంతులవారీగా కోశాం. కళ్లద్దాలు తప్పనిసరి, తుప్పు పొడి నేరుగా కంట్లోకే రాలుతుంది. రెండో పక్క తెగగానే ఆర్మ్ కిందికి జారింది. నట్టులో మిగిలిన ముక్కని అవతలి వైపు నుంచి వైస్ గ్రిప్‌తో పట్టి తిప్పితే ఇట్టే వచ్చేసింది. సబ్‌ఫ్రేమ్‌కి గీత కూడా పడలేదు. నాన్నగారిని పిలిచి ఆ నట్టు మరల్ని టార్చి వేసి చూపించాను.

కొత్తది బిగించేటప్పుడు బోల్టు నున్నటి ఒంటికి, గొట్టం లోపలికి కాపర్ గ్రీజు పట్టించాను. మరలకి పూయలేదు, పూస్తే టార్క్ (బిగింపు బలం) లెక్క తప్పుతుంది. బుష్ బోల్టుల్ని చివరి బిగింపు బిగించేది బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. చాలా షెడ్లలో ఈ ఓపిక పట్టరు, అందుకే కొత్త బుష్‌లు ఏడాది తిరక్కుండా పోతుంటాయి. హార్డ్‌వేర్ షాపులో "ఇది కూడా అదే సైజండీ" అంటూ తలమీద అంకె లేని బోల్టు ఇస్తే తీసుకోవద్దు.

ఈ ఉదయం వీల్ అలైన్‌మెంట్ చేయించాను, శబ్దం పోయింది. కుడివైపు ఆర్మ్ బోల్టు, వెనక షాకబ్జార్బర్ల కింది బోల్టులు ఇంకా పట్టేయకుండా తిరుగుతున్నాయి. వచ్చే ఆదివారం పెద్దాయనతో కలిసి వాటిని కూడా విప్పి, గ్రీజు పెట్టి బిగిస్తాను.