నీటి నుంచి నీటికి: నల్లమల దారిలో శ్రీశైలానికి

నంద్యాల జిల్లా ఆత్మకూరుకు దగ్గరలోని వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే అడవిదారిలో ఈ ఉగాదికి ముందు నేను మొదటిసారి ఒంటరిగా నడిచాను. దారి దాదాపు 40 కిలోమీటర్లు. ఇది పులుల అభయారణ్యం కాబట్టి ఏడాది పొడవునా ఇటు పోనివ్వరు. మహాశివరాత్రికీ ఉగాదికీ మాత్రం అటవీశాఖ భక్తులను అనుమతిస్తుంది. అందువల్ల దారి నిండా జనమే. అయినా నావాళ్లెవరూ వెంట లేకుండా, ఎక్కడ ఆగాలో ఎప్పుడు లేవాలో నేనే తేల్చుకుంటూ నడవడం నాకు పూర్తిగా కొత్త.

ఉగాది నడక ప్రధానంగా కన్నడిగులది. బాగల్‌కోట్, విజయపుర, బెళగావి, రాయచూరు ప్రాంతాల నుంచి వాళ్లు వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి చీర, సారె, పసుపు కుంకుమలు మోసుకొస్తారు. మనం అడవిలో అడుగుపెట్టేసరికే వాళ్ల పాదాలు ఎన్నో ఊళ్లు దాటి ఉంటాయి.

మొదటి మజిలీ నాగలూటి వీరభద్రస్వామి గుడి. అడవి నడుమ నిలిచిన ఆ పాత రాతికట్టడం దగ్గర కోనేరు ఉంది. మార్చి ఎండకు ఆకు రాలిపోయి చెట్లు బోసిగా ఉన్నాయి; మోదుగపూలు తప్ప కంటికి రంగు కనబడదు, నీడ కోసం వెదురుపొదల పక్కన ఒదిగి నడవాలి. అప్పుడే ఈ దారి తీరు అర్థమవడం మొదలైంది. నాగలూటిలో కోనేరు, తరువాతి మజిలీలో చెరువు, ఆపైన కొలను: మనిషికి గొంతు ఎండి కాళ్లు మొరాయించే సమయానికి ఎక్కడ నీళ్లు అందుతాయో ఎరిగినవాళ్లు వేసిన దారి ఇది. ఆ ఎరుక చెంచులదే అయివుంటుందని నా నమ్మకం. మల్లన్నను చెంచు మల్లయ్యగా కొలుచుకునే ఆ జనం గూడెం పెచ్చెరువు దగ్గర ఇప్పటికీ ఉంది.

పెచ్చెరువుకు చేరేముందు ఒక బండ మీద కూలబడ్డాను. పక్కన ఒక పెద్దావిడ తన పాదాలకు చుట్టుకున్న పాత చీర పేలికలను విప్పుతోంది. మడమ పగుళ్లలో ఎర్రమట్టి నిండిపోయి, వేళ్ల సందుల్లో బొబ్బలు చితికి ఉన్నాయి. ఆమె ఆ పేలికలను దులిపి, తిరగేసి, మళ్లీ అంతే బిగువుగా చుట్టుకుంది. ఆ పని పూర్తయ్యాక నా ముఖం చూసి, ‘నీరు కుడి యవ్వా’ (నీళ్లు తాగమ్మా) అని కన్నడంలో అంటూ తన చెంబు అందించింది. చెంబులో ఉన్నది సగానికి తక్కువే. పెదవులకు తగలకుండా పైనుంచి పోసుకుని రెండు గుక్కలు తాగి తిరిగిచ్చాను. ఆమె పేరు నేను అడగలేదు, ఆమె నా ఊరు అడగలేదు.

పెచ్చెరువులో అన్నదాన శిబిరాల దగ్గర తిని, జనం మధ్యే ఆ రాత్రి పడుకున్నాను. తెల్లవారుజామున ‘చేదుకో మల్లన్నా’ అన్న కేకలతో అందరూ కదిలారు.

భీముని కొలను దగ్గర దారి లోయలోకి నిలువునా దిగుతుంది. ద్రౌపది దాహం తీర్చడానికి భీముడు గదతో కొట్టి ఇక్కడ నీరు రప్పించాడని చెబుతారు. లోయ చల్లగా ఉంది, కానీ రాళ్ల సందుల్లో ఖాళీ ప్లాస్టిక్ సీసాలూ గ్లాసులూ చూసి నా మనసు చివుక్కుమంది. పండుగ ముగిసి దారి మూసుకున్నాక ఆ నీళ్లు దుప్పులవీ ఎలుగులవీ. స్వామి కోసం ఇంత కష్టపడి వచ్చేవారు ఒక చెంబో స్టీలు సీసానో వెంట తెచ్చుకుంటే చాలు.

అక్కడి నుంచి కైలాసద్వారం వరకు రాతిమెట్ల ఎక్కుడు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన ఘనత 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డిదని చరిత్రలో చదివాను గానీ, మెట్టు మెట్టుకూ మోకాలు పట్టుకుని ఎక్కినప్పుడే అది ఎంత పెద్ద దానమో తెలిసింది. చాలామంది ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమలు పెడుతూ ఎక్కుతున్నారు, అంత అలసటలోనూ ఒక్క మెట్టు కూడా వదలకుండా.

కైలాసద్వారం దాటి, హాటకేశ్వరం మీదుగా ఊళ్లోకి వచ్చాను. దూరం నుంచి వచ్చినవారు స్నానానికి కూడా ఆగకుండా కాళ్ల దుమ్ముతోనే స్వామిని చూసుకునే ధూళి దర్శనం శ్రీశైలంలో పాత ఆచారం. నేనూ అలాగే వరుసలో నిలబడ్డాను. ఉగాది రద్దీకి స్పర్శ దర్శనం ఆపి అలంకార దర్శనమే ఇస్తున్నందున మల్లన్నను దూరం నుంచే చూసి, వెనుక మెట్లెక్కి అమ్మవారి గుడికి వెళ్లాను. అక్కడ నా ముందున్న కన్నడ ఆడవాళ్లు అన్ని రోజులు నెత్తిన మోసుకొచ్చిన మూటలు విప్పి, చీరల మడతలు సరిచేస్తూ, పుట్టింటివాళ్ల హక్కుతో ఎవరి చీర ముందు ఇవ్వాలా అని తొందరపడుతున్నారు.