డేగపెట్టకు ఆఖరి సూది వేయించాం – నా అనుభవం

నయం కాని మా కోడికి నొప్పి లేకుండా ప్రాణం పోయే సూది నిన్ననే వేయించాం. దుఃఖం ఒకపక్క, ఆ ఆసుపత్రి మీద కోపం ఇంకోపక్క.

మాది కడప. పెరట్లో నాటుకోళ్లున్నాయి. వాటిలో డేగపెట్ట మా జేజి ఒళ్లో పెరిగింది, కోసుకునే కోడి కాదు. కొన్నాళ్లు తోలుగుడ్లు పెట్టి, తర్వాత గుడ్లే మానేసింది. పొట్ట కిందికి జారింది. కాళ్లు ఎడంగా పెట్టి నిటారుగా నడిచేది. పొట్ట పట్టుకుంటే నీళ్లతిత్తిలా ఊగుతోంది, రొమ్మెముక మాత్రం వేలికి గుచ్చుకుంటోంది.

గంపలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయాం. బర్రెలు, మేకలు, ఒక తెల్ల కుక్కపిల్ల, వాటి వెనక మేము. మా వంతు రాగానే చీటీ రాసే ఆయన గంపలోకి తొంగిచూసి, "యాందమ్మా, కోడికి గూడా చీటీనా? సంగటిలోకి పులుసు పెట్టుకుంటే రోగం అదే పోతాది" అన్నాడు. వరసలో ఉన్నోళ్లంతా నవ్వినారు. జేజి నవ్వలేదు. "నాయనా, దానికి ఊపిరాడటం లేదు, చూడు" అంది. ఆయన చూడలేదు. కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తి, "కిలోన్నర ఉంటాది" అన్నాడు. కోడికి మనలాగా ఊపిరికీ పొట్టకీ మధ్య అడ్డుపొర ఉండదు. పొట్టలో నీరుంటే, తలకిందులు చేసినప్పుడు అదంతా గాలితిత్తుల మీద పడుతుంది. నా కళ్లముందే దాని తలమీది ఎర్ర జుట్టు నీలంగా మారిపోయింది, నోరు తెరిచేసింది. లాక్కున్నాను. లోపల డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే ఏవో మాత్రలు రాసిచ్చాడు. ఆ గది గోడకే కోళ్లకు కొక్కెర తెగులు టీకా వేయించమని బొమ్మల పటం వేలాడుతోంది! రాసిపెట్టుకున్న పటాన్ని నమ్మి వచ్చిన ముసలామెను నలుగురిలో నవ్వులపాలు చేసే హక్కు ఎవరిచ్చారు? పదిమంది నవ్వారని వెనక్కి రావద్దు. చీటీ రాసేదాకా అక్కడే నిలబడండి.

తర్వాత తెలిసినవాళ్లు చెబితే, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదివి సొంతంగా క్లినిక్ పెట్టుకున్న ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. గుడ్డు గొట్టంలోకి దిగాల్సిన పచ్చసొన పొట్టలో పడి చీము పట్టిందని చెప్పింది. సూదితో పసుప్పచ్చటి నీరు తీసింది, యాంటీబయాటిక్, నొప్పికి మందు ఇచ్చింది. ఆ సాయంత్రం టమాటా ముక్క తిన్నది. కానీ వారం తిరక్కముందే నీరు మళ్లీ నిండింది.

"మళ్లీ తీయొచ్చక్కా, కానీ ఈసారి ఇంకా తొందరగా నిండుతుంది" అంది ఆమె. మూడు గమనించమంది: ఇష్టమైన మేత ముడుతోందా, రాత్రి దిమ్మె మీదికి ఎక్కుతోందా, మన్నులో పొర్లుతోందా. రెండు ఆగిపోతే ఇంక సాగదీయొద్దంది. కోళ్లు రోగాన్ని చివరిదాకా దాచుకుంటాయి, మనకు కనపడేసరికే చాలా ముదిరిపోయి ఉంటుంది. మా వీధిలో కోడి ముఖం చూసి జబ్బు చెప్పేదాన్ని నేనే, నాకూ ఈ లెక్క కొత్త.

మూడూ ఆగిపోయాయి. సజ్జలు పోస్తే ముక్కు తాకించి వదిలేసింది. మా ఆయన "ఇంకో రెండ్రోజులు చూద్దాం" అన్నాడు. రెండ్రోజుల్లో మారేదేముంది? జేజే తేల్చేసింది: "దాన్నింక కష్టపెట్టొద్దు పాపా."

మొదట మత్తు సూది. జేజి ఒళ్లోనే కళ్లు మూసింది. బాగా మగతలోకి పోయాక రెండో సూది. కాళ్లు ఒక్కసారి చాపింది, అంతే. డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి, ఆగిపోయిందని నిర్ధారించుకున్నాకే లేచింది.

డాక్టరు దొరకని పల్లెలో ఉంటే, మెడ ఒక్క విసురులో విరిచే చేయి తిరిగినవాళ్లను పిలవండి. తెలియనివాళ్లు ప్రయత్నించకూడదు, అది మరింత హింస. మందులు వాడిన కోడిని వండకండి. పక్కింటామె "మాకిచ్చేయరాదూ" అని అడిగింది, ముఖం మీదే ఇవ్వనన్నాను. సూది మందు శవంలో ఉండిపోతుంది, తిన్న కుక్కా కాకీ కూడా చచ్చిపోవచ్చు. లోతుగా తవ్వి పూడ్చి, కుక్కలు తోడకుండా పైన కడప బండ వేశాం.

ఈ జబ్బు అంటుకోదు కాబట్టి మిగతా కోళ్లకు భయం లేదని డాక్టరమ్మ అంది. వాటికి ఈ నెలే కొక్కెర తెగులు టీకా వేయిస్తున్నా, ఆ ఆసుపత్రిలోనే, ఆ పటం కిందే నిలబడి.